తిప్పి పంపిన పళ్లెం

కాలిచా అన్నిటికీ ఒప్పుకునేది, ఒక్క తిండికి తప్ప.

రోజూ పొద్దున బుర్మాకాన్ వచ్చి రక్తపోటు చూసేది. సూది వేసేది. వారానికి రెండుసార్లు వేడినీళ్లతో ఒళ్లు తుడిచి, వీపు పుళ్లు పడకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టేది. తెల్లబడ్డ జుట్టు దువ్వి రెండు జడలు అల్లేది. కాళ్లు ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీసేది. కాలిచా వద్దనేది కాదు, మంచిదనేదీ కాదు. పైకప్పు దూలాలు చూస్తూ పడుకునేది. కానీ బుర్మాకాన్ తన ఇంట్లో కాచిన పులుసు గిన్నె పట్టుకొచ్చిందంటే చాలు, ముఖం గోడవైపు తిప్పేసుకునేది.

"అక్కడ పెట్టు. కోడలు వచ్చాక చూస్తాలే."

ఆ కోడలు, చిన్నకొడుకు పెళ్లాం జిపార్, వచ్చేసరికి పులుసు మీద కొవ్వు తెల్లగా పేరుకునేది. సాయంత్రానికి ఆ గిన్నె కుక్క ముందుండేది. జిపార్ సిగ్గుపడి గిన్నె కడిగి, బోర్లించి ఇచ్చేది. బుర్మాకాన్ ఏమీ అడిగేది కాదు. కాలిచా తన చేతి ముద్ద ముట్టుకోక ఇరవై రెండేళ్లయింది. ఎందుకో ఇద్దరికీ తెలుసు.

ఇద్దరి మొగుళ్లూ ఒకే తాత మనవలు. తోటికోడళ్లు. ఇళ్లు పక్కపక్కనే, గుమ్మానికీ గుమ్మానికీ మధ్య నలభై అడుగులు. నడుమ ఒక కాలవ, దాని మీద పలక.

బుర్మాకాన్ గొర్రెల కాపరి కూతురు. కిర్గిజ్ దేశపు పై కొండల్లో, వేసవి డేరాలో పుట్టింది. నారిన్ పట్నంలో వైద్యం చదువుకుని, ఇరవై ఏళ్ల వయసులో ఇచ్కెజార్ ఊరికి ఒకే నెలలో కోడలిగానూ నర్సుగానూ వచ్చింది. ఆ మరుసటి ఏడు ఆమె ఒంటరిగా పోసిన మొదటి పురుడు కాలిచాది. బిడ్డ మెడకి బొడ్డుతాడు రెండు చుట్లు చుట్టుకుని నీలంగా వచ్చాడు. ఏడవలేదు. బుర్మాకాన్ తాడు విప్పి, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఎంతసేపు ఊదిందో తనకే తెలీదు. చివరికి వాడు దగ్గి, ఏడిచాడు. మెలిస్ అని పేరు పెట్టారు.

"వీడిలో సగం నీ ఊపిరే" అంది కాలిచా ఆ రోజు. ఆ తర్వాత వాడు ఏ అల్లరి చేసినా, "నీ సగమేనే ఇది, నా సగం బుద్ధిగానే ఉంటుంది" అని ప్రహరీ మీదుగా కేకేసేది.

వాడికి పదమూడేళ్లు వచ్చేసరికి సోవియట్ దేశం విడిపోయింది. సామూహిక క్షేత్రం గొర్రెలు ఎవరికి దొరికినవి వాళ్లు తోలుకుపోయారు. ఆసుపత్రి కిటికీలు కూడా ఎవరో ఊడబెరుక్కుపోయారు. మందుల్లేవు. బుర్మాకాన్ మొగుడు తాగి తాగి, ఒక జనవరిలో కాలవ గట్టున గడ్డకట్టిపోయి దొరికాడు. పిల్లల్లేరు. ఆమె రెండు గాజు సిరంజిలు తన ఇంటి పొయ్యి మీద మరగబెట్టుకుంటూ, జీతం లేకుండా ఊరు తిరిగింది.

ఆ రోజుల్లో జిల్లా ఆసుపత్రిలో ఫ్రీడా అని ఒక ముసలి జర్మన్ ఆవిడ ఉండేది. నేల తుడిచే పని ఆవిడది. పని అయ్యాక ఇంటికి పోకుండా, ఎవరూ రాని రోగుల దగ్గరికి వెళ్లి వాళ్ల ముఖాలు కడిగేది. చావుకి దగ్గరైనవాళ్ల నోట్లో చెంచాతో నీళ్లు పోసేది. ఎందుకు చేస్తున్నావని బుర్మాకాన్ అడిగింది.

"ఎవరో ఒకరు చెయ్యాలి కదమ్మా" అంది ఫ్రీడా. "నాకు చేసినాయన ఉన్నాడు. ఆయనకి నేను తిరిగి చెయ్యలేను. అందుకని వీళ్లకి."

ఆ ఏడాదే ఫ్రీడా తన వాళ్లతో జర్మనీ వెళ్లిపోయింది. వెళ్లేముందు కిర్గిజ్ భాషలో ఉన్న సువార్త పుస్తకం ఇచ్చింది. అది చదివి బుర్మాకాన్ ఒక శీతాకాలమంతా ఏడ్చింది. మే నెలలో నారిన్ నదిలో, మంచు కరిగిన నీళ్లలో బాప్తిస్మం తీసుకుంది. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే నవ్వింది.

అందరూ ముస్లింలే ఉన్న ఇచ్కెజార్‌లో అట్లాంటిది అదే మొదలు. బూట్ల జతకి మతం అమ్ముకుందని రచ్చబండ దగ్గర అన్నారు. కాలిచా నడుం మీద చెయ్యి పెట్టుకుని వాళ్ల మధ్యకెళ్లింది.

"ఏవర్రా బూట్లు? దాని కాళ్లకి ఆ చిల్లు పడ్డ రబ్బరు జోళ్లే కదా ఉన్నాయి. అమ్ముకుంటే ఎవరికో మహా తక్కువకి అమ్ముకుంది."

ఆ మాటకి అందరూ నవ్వారు. ఊళ్లో బుర్మాకాన్ పక్కన నిలబడింది ఆమె ఒక్కతే.

అక్టోబరులో మెలిస్ పోయాడు. పంతొమ్మిదేళ్లు. గని నుంచి బొగ్గు లారీ తెస్తూ కనుమ మీద మంచులో జారి లోయలో పడ్డాడు.

చచ్చిపోయినవాళ్ల కోసం ఇచ్కెజార్‌లో గురువారం గురువారం నూనె కాస్తారు. పల్చటి రొట్టెలు ఏడు వేయిస్తారు. ఆ వేడి నూనె వాసన పోయినవాళ్లకి చేరుతుందని నమ్మకం. వాసన వదలడం అంటారు. రొట్టెలు చల్లారకముందే చుట్టుపక్కల ఏడు ఇళ్లకి పంచుతారు. తీసుకున్నవాళ్లు, చేరాల్సినవాళ్లకి చేరుగాక అని ఒక మాటంటారు. అంతే. ఎంత పగవాళ్లయినా ఆ పళ్లెం ముందు గుమ్మం మూసిన వాళ్లు లేరు.

మెలిస్ పోయాక కాలిచా నూనె కాచిన మొదటి గురువారానికి వారం ముందే రాజధాని నుంచి ఒక బోధకుడు నారిన్ వచ్చాడు. బాప్తిస్మం తీసుకున్న కొత్తవాళ్లు ఏడుగురు. చచ్చినవాళ్ల పేరు మీద వేయించింది తినకండి అని చెప్పాడు. చిన్న రొట్టెతోనే మనిషి వెనక్కి జారతాడన్నాడు. బుర్మాకాన్ ఆ మాట భద్రంగా మోసుకొచ్చింది.

కాలిచా తనే వచ్చింది. ఏడుపులో గీరుకున్న గోళ్ల గాట్లు బుగ్గల మీద ఇంకా మానలేదు. పళ్లెం మీద గుడ్డ, గుడ్డ కింద నుంచి ఆవిరి.

"తీసుకో" అంది.

"అక్కా, నేను తీసుకోలేను."

"ఏం, కడుపులో బాగోలేదా?"

"చచ్చినవాళ్ల రొట్టె మేం తినం."

కాలిచా కాసేపు అర్థం కానట్టు చూసింది. "మేం అంటే ఎవరే?" అని అడిగింది.

కాలిచా పళ్లెం వంక చూసుకుంది. గుడ్డ సర్దింది. వెనక్కి తిరిగి, పలక దాటి, తన గుమ్మంలోకి వెళ్లిపోయింది. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి చూశారు. రొట్టె ఉన్న పళ్లెం వెనక్కి పోవడం వాళ్లెప్పుడూ చూడలేదు.

ఆదివారం సంఘంలో బుర్మాకాన్ లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. సొంత తోటికోడలు, కొడుకు పోయిన మనిషి, వేడి రొట్టె తెస్తే కూడా నేను కదలలేదు అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. బోధకుడు ఆమె తల మీద చెయ్యి ఉంచాడు. ఇంటికొచ్చే వ్యానులో కూడా ఆమెకి ఆ చప్పట్లు వినిపించాయి. కాలవ పలక మీద కాలు పెట్టేదాకా వినిపించాయి. అక్కడ ఆగిపోయాయి.

ఆ శీతాకాలం నుంచే ఆమె పరిచర్య మొదలైంది. ఒంటరి ముసలివాళ్లకి ఏటి నుంచి నీళ్లు మోసింది. బొగ్గు పగలగొట్టి పొయ్యి దగ్గర పోసింది. వంగలేని ముసలాళ్ల కాలిగోళ్లు కత్తిరించింది. పురుళ్లు పోసింది. మొదటి ఏడు కొన్ని గుమ్మాలు మూసుకున్నాయి. రెండో ఏడు తెరుచుకున్నాయి. చివరికి ఇచ్కెజార్‌లో ఆమె సూది దిగని ఒళ్లు లేదన్నంత అయింది. కాలిచా గుమ్మంలోకి మాత్రం అడుగు పెట్టలేకపోయింది. మూడేళ్ల కిందట కాలిచా కీళ్లన్నీ బిగుసుకుపోయి మంచాన పడ్డాక జిపార్ వచ్చి పిలిచింది. అప్పుడు వెళ్లింది.

నారిన్‌లో ఏడుగురు సంఘం పదహారుగురైంది. ఎర్మెక్ అనే వ్యాను డ్రైవరు దానికి సంఘపెద్ద. బుర్మాకాన్ కన్నా పాతికేళ్లు చిన్న. విశ్వాసం ఎట్లా ఉండాలో బుర్మాకాన్ అక్కని చూసి నేర్చుకోండి అనేవాడు. పళ్లెం కథ కూడా చెప్పేవాడు. ఆమె తల దించుకునేది. అది వినయమనుకున్నారు. ఎవరి ఇంటికి నీళ్లు మోసినా ఆ బకెట్టు పలక దాటి కాలిచా గుమ్మానికి చేరాల్సిందని ఆమెకి తెలుసు. వేరే కుండల్లో పోసి వచ్చేది.

సంఘంలో ఐదాయ్ అని ఒక అమ్మాయి ఉంది. బడి వంటశాలలో పని. పళ్లెం కథ విని, ఆమె కూడా కన్నతల్లి తెచ్చిన గురువారం రొట్టె తిప్పి పంపింది. వచ్చి బుర్మాకాన్‌కే మొదట చెప్పింది, కళ్లు మెరుస్తుంటే. బుర్మాకాన్ నోరు తెరిచి, మూసుకుంది. కిందటేడు జనవరిలో ఆ తల్లి పోయింది. ఏడుస్తున్న ఐదాయ్ భుజాలు పట్టుకుని బుర్మాకాన్ సమాధి దాకా నడిచింది. అప్పుడూ చెప్పలేదు.

ఈ ఏడు ఫిబ్రవరి ఆఖర్లో, ఒక గురువారం, జిపార్ చెవినొప్పితో ఏడుస్తున్న పిల్లని తీసుకుని పట్నం వెళ్లింది. మధ్యాహ్నం కనుమ మీద మంచు విరిగిపడి దారి మూసుకుపోయింది. సాయంత్రం సూదికి మళ్లీ వచ్చిన బుర్మాకాన్ ఆ సంగతి చెప్పింది. కాలిచా చేతులు దుప్పటి మీద ఉన్నాయి. వేళ్లు చెట్టు వేళ్లలాగా మెలితిరిగి ఉన్నాయి.

"ఇవాళ గురువారం."

"అవునక్కా."

"ఇరవై రెండేళ్లలో ఒక్క గురువారం తప్పలేదు. నేను లేవలేని దగ్గర్నుంచి జిపార్ చేస్తోంది."

బుర్మాకాన్ దూది చుట్టపెట్టింది.

"నూనె కాగబెట్టు" అంది కాలిచా.

బుర్మాకాన్ చెయ్యి ఆగింది.

"చెవుడొచ్చిందా? వాడికి వాసన వదలాలి. నా చేతులు నీకు కనపడుతూనే ఉన్నాయిగా. లేదంటే లేదని చెప్పు. నీకలవాటేగా."

బుర్మాకాన్ వాకిట్లోకి వచ్చి ఎర్మెక్‌కి ఫోన్ చేసింది. ఎందుకు చేసిందో తెలీదు. ఎవరో ఒకరు వద్దనాలని కావచ్చు. సంగతి చెప్పింది.

"అక్కా, నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు ఎర్మెక్. "నేను వద్దంటే నువ్వు ఎలాగూ చేస్తావు. అప్పుడు నీకు రెండు తప్పులవుతాయి."

"చెయ్యమంటావా?"

"ఎలా అంటాను? మాకు ఇది నేర్పిందే నువ్వు. ఆ పళ్లెం తిప్పి పంపింది నువ్వు కదా."

ఆమె ఫోన్ జేబులో పెట్టుకుంది. మంచుతో చేతులు రుద్దుకుని, లోపలికెళ్లి, వేడినీళ్లతో మళ్లీ కడుక్కుంది. పిండి ఎక్కడుందని అడిగింది.

మంచం మీంచి పొయ్యి కనపడేట్టు కాలిచా తలుపు బార్లా తీయించుకుంది. దిండ్లు ఎత్తు పెట్టించుకుంది. ఇక కళ్లు తిప్పలేదు.

"నీళ్లు అన్ని పోస్తారా? గోడకి సున్నమా అది?"

"పిండి కలుపుతానులే అక్కా."

"కలుపు. మా పిండేగా, నీదేం పోయింది. ఆఁ, ఇప్పుడు మూతపెట్టు. కాసేపు దాన్ని ఊపిరి పీల్చుకోనీ."

పత్తిగింజల నూనె బాణలిలో కాగింది. పొగ లేచి దూలాలకి అంటుకుంది. బుర్మాకాన్ మొదటి ముద్ద ఒత్తింది.

"పల్చగా. ఇంకా పల్చగా. వాడికేమన్నా బూటుకి అడుగు వేస్తున్నావా? మెలిస్‌కి అవతల చెయ్యి కనపడేంత పల్చగా ఉండాలి. నువ్వెరగవా? నీ ఇంట్లో తిన్నవి తక్కువా?"

ఎరుగును. ఐదేళ్ల మెలిస్ తన పొయ్యి ముందు గొంతుక్కూచుని, రొట్టెని వెలుతురుకి అడ్డం పెట్టుకుని అందులోంచి తనని చూసేవాడు. బుర్మాకాన్ రొట్టెని నూనెలోకి జార్చింది. అది ఉబ్బింది. వాసన ఇల్లంతా నిండింది.

చచ్చిపోయిన పిల్లాడికి ఈ వాసన చేరుతుందని ఆమె నమ్మలేదు. ఇరవై రెండేళ్ల కిందటా నమ్మలేదు. నమ్మకపోవడం తప్పు కాదని ఇప్పుడూ అనుకుంది. గుమ్మం ముందు నిలబడ్డ మనిషి చేతిలోది చచ్చినవాడి రొట్టె అనుకుంది, అదే తప్పు. అది బతికున్న తల్లి రొట్టె. ముఖం కడగమని, నోట్లో నీళ్లు పొయ్యమని ఫ్రీడా చూపించి వెళ్లిన పని అదే. ఆ పనే తన గుమ్మానికి నడిచొచ్చింది. తిప్పి పంపింది.

ఏడూ అయ్యాయి. కాలిచా కళ్లు మూసుకుని తనకొచ్చిన నాలుగు ప్రార్థన వాక్యాలు చదివింది. బుర్మాకాన్ మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నీకు రాదులే. వచ్చినట్టు పెదాలు ఆడించకు. ఊరికే కూర్చో. ఆ చేతులు ఒళ్లో పెట్టుకో, దొంగలా వెనక దాచుకుంటావేం."

తర్వాత బుర్మాకాన్ పళ్లెం మీద గుడ్డ కప్పి బయటికి వెళ్లింది.

మొదటి ఇల్లు సాదిర్ ముసలాయనది. నెలనెలా ఆయన గోళ్లు తీసేది ఆమే. గుమ్మంలోనే వాసన పట్టాడు.

"ఎవరు వేయించారు?"

"నేనే, బాబాయ్."

"నువ్వా? మీ దేవుడికి ఇవాళ సెలవా?"

"లేదు. చూస్తూనే ఉన్నాడు."

"చూస్తే చూశాడు. చల్లారుతోంది, ఇటు తే" అని రెండు చేతులతో అందుకుని, ముఖం మార్చి, గొంతు తగ్గించి, "చేరాల్సినవాడికి చేరుగాక. మంచి పిల్లాడు" అన్నాడు.

తర్వాతి మూడిళ్లలో పిల్లలు తీసుకున్నారు. అయిదో ఇంట్లో ఒక కోడలు ఏమీ అడగకుండా తీసుకుంది. ఆరో ఇల్లు బాత్మాది. ఆమె మొగుడు మసీదు తాళాలు పెట్టుకునే మనిషి. బాత్మా గుడ్డ ఎత్తి చూసింది.

"జిపార్ లేదుగా. ఎవరు చేశారు?"

కాలిచా పంపింది అంటే సరిపోయేది. అది అబద్ధమూ కాదు.

"నేను చేశాను" అంది బుర్మాకాన్.

బాత్మా గుడ్డ మళ్లీ కప్పింది. కటువుగా కాదు, నెమ్మదిగానే. "జిపార్ చేస్తే తీసుకునేదాన్ని. నీ సూది వేరు, ఇది వేరు. ఏమీ అనుకోకు బుర్మాకాన్."

"అనుకోను."

తలుపు మూసుకుంది. బుర్మాకాన్ పళ్లెం పట్టుకుని వీధి మధ్యలో ఉంది. ఎదురింటి కిటికీలో తెర కదిలింది. తను ఎటు చూస్తూ నడవాలో ఆమెకి తెలియలేదు. పళ్లెం వంక చూసుకుంది. గుడ్డ సర్దింది. సర్దాక గుర్తొచ్చింది, ఆ రోజు కాలిచా కూడా ఇట్లాగే సర్దింది.

లోపలికి రాగానే కాలిచా అడిగింది.

"ఎన్ని మిగిలాయి?"

"రెండు. ఏడో ఇల్లు మాది. ఇంకోటి బాత్మా వద్దంది."

కాలిచా ముక్కులోంచి గాలి వదిలింది. నవ్వో కాదో. కాసేపటికి, "ఎలా ఉంది, వెనక్కి తేవడం?" అంది.

"బరువుగా ఉందక్కా."

"ఖాళీ పళ్లెం కన్నా నిండు పళ్లెం బరువే."

బుర్మాకాన్ మంచం అంచున పళ్లెం పెట్టి నేల మీద కూలబడింది.

"నేను దాన్ని మా వాళ్ల ముందు లేచి చెప్పుకున్నాను" అంది. "నిన్ను తిప్పి పంపానని. వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు బాగుంది."

"ఏది బాగుంది?"

"చప్పట్లు."

కాలిచా దూలాలు చూస్తోంది.

"తప్పయిందని చెబుదామని ప్రతిసారీ బయల్దేరేదాన్ని. ధైర్యం చాలక ఎవరింటికో నీళ్లు మోసుకెళ్లేదాన్ని."

"బకెట్లు చూశాను" అంది కాలిచా. "బుర్మాకాన్ బంగారం, బుర్మాకాన్ దేవత అని ఊరంతా అంటుంటే నాకు ఒళ్లు మండేది."

"నేను మంచిదాన్ని కాదక్కా."

"తెలుసు. ఈ ఊళ్లో నాకొక్కదానికే తెలుసు. ఆ ఒక్క సంగతే నా దగ్గరుంది. నీ పులుసు తాగితే అదీ పోతుందని తాగలేదు."

పొయ్యిలో బొగ్గు కూలింది.

"రొట్టె తుంచు" అంది చివరికి కాలిచా. "కాదు, ఉండు. పట్టుకో. నేనే తుంచాలి."

బుర్మాకాన్ రొట్టె రెండు చేతులతో పట్టుకుంది. వంగిన వేళ్లకి పట్టు దొరకలేదు. కాలిచా అరచేతి మడమతో నొక్కింది. మూడోసారికి రొట్టె వంకరగా చిరిగింది.

"నీ సగం" అంది.

బుర్మాకాన్ తీసుకుంది. చేరాల్సినవాడికి చేరుగాక అనబోయి, ఆ మాట తన నోట అబద్ధమవుతుందని ఆగింది. "మెలిస్" అంది. కాలిచా తన సగాన్ని పాలు పోసిన టీలో ముంచమంది. నానాక, బుర్మాకాన్ చేత్తో నోటికందిస్తే, గోడవైపు తిరగకుండా తిన్నది. పళ్లు లేని దవడలు నెమ్మదిగా ఆడాయి.

"ఉప్పు తక్కువ" అంది. కళ్లు మూసుకుంది.

మూడు రోజులకి దారి తెరిచారు. ఆదివారం బుర్మాకాన్ నారిన్ వెళ్లింది. ఎర్మెక్ ఇంటి గదిలో అందరూ కూర్చుని ఉన్నారు. సాక్ష్యాల వేళకి ఆమె లేచింది. పళ్లెం కథ మళ్లీ చెప్పింది. ఈసారి కాలిచా బుగ్గల మీద గాట్ల గురించి చెప్పింది. ఆట ఆపిన పిల్లల గురించి, వ్యానులో వినిపించిన చప్పట్ల గురించి, బకెట్ల గురించి చెప్పింది. గురువారం తను వేయించిన రొట్టెల గురించి కూడా చెప్పింది.

ఎర్మెక్ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, సిద్ధాంతం సంగతి..."

"సిద్ధాంతం మారలేదు తమ్ముడూ. నేను మనిషి గురించి చెబుతున్నాను."

కిటికీ పక్కన ఐదాయ్ లేచి నిలబడింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"ఇదంతా నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. పలక మీద కాలు పెట్టగానే."

"మా అమ్మ బతికుండగానే తెలుసన్నమాట. నేనొచ్చి నీకు చెప్పినప్పుడు తెలుసు. ఎందుకు చెప్పలేదక్కా?"

"భయమేసింది."

"దేనికి?"

"మీరంతా నన్ను చూసే చూపు పోతుందని."

ఐదాయ్ తలగుడ్డ కట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు ఆదివారాలు రాలేదు. బుర్మాకాన్ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి చివర్లో కాలిచా పోయింది. అప్పటిదాకా రోజూ బుర్మాకాన్ పులుసు తాగింది. ప్రతిసారీ ఉప్పు తక్కువంది. ఒళ్లు కడగడానికి వంశం ఆడవాళ్లని అయిదుగురిని పిలిచారు. మూడేళ్లు ఆ ఒళ్లు కడిగిన బుర్మాకాన్ చేతులు మడిచి గడప దగ్గర నిలబడింది. బాత్మా బయటికి వచ్చి, "నువ్వు లోపలికి రాకూడదు. తెలుసుగా" అంది. తెలుసు. ఆమె వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోసింది. లోపలికెళ్లిన నీళ్లు కాచింది మాత్రం ఆమే.

ఆ వారం గురువారం మధ్యాహ్నం పక్కింట్లోంచి నూనె వాసన వచ్చింది. బుర్మాకాన్ పని ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జిపార్ వస్తుందో రాదో తెలీదు. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటి పళ్లెం ఆమె గుమ్మం ముందు ఆగలేదు. చాలాసేపు నిలబడింది. ఎండ పలక మీది మంచు కరిగించి కాలవలోకి చుక్కలు చుక్కలుగా రాలుస్తోంది.

జిపార్ వచ్చింది. గుడ్డ తీసింది. నీకివ్వచ్చో లేదో అన్నట్టు చూసింది.

"అత్తయ్య చెప్పి పోయింది, ఏడోది నీకేనని" అంది.

బుర్మాకాన్ రెండు చేతులతో అందుకుంది. వేళ్లు కాలాయి. చెయ్యి మార్చుకోలేదు. జిపార్ వెళ్లాక రొట్టెని సగానికి తుంచింది. ఒక సగం అక్కడే గుమ్మంలో తిన్నది. ఉప్పు సరిగ్గా ఉంది. రెండో సగాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఆ గుడ్డని చొక్కా లోపల పెట్టుకుని, నారిన్ వెళ్లే మూడు గంటల వ్యాను ఎక్కింది.

ఐదాయ్ ఉండేది బడి వెనక రెండంతస్తుల ఇంట్లో, పైన. మెట్ల మీద ఎవరో ఉల్లిపాయలు ఆరబెట్టారు. బుర్మాకాన్ తలుపు తట్టి, గుడ్డ బయటికి తీసింది. రొట్టె ఇంకా తన ఒంటి వేడికి గోరువెచ్చగా ఉంది.

"ఎవరు?"

"నేను. బుర్మాకాన్‌ని."

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. గడియ తియ్యలేదు. వెనక్కీ పోలేదు.

బుర్మాకాన్ రొట్టె పట్టుకుని నిలబడింది.